పన్నెండేళ్ళుగా పొడి ఇన్‌హేలర్: నాకూ, మా క్లినిక్‌కీ ఎలా పనికొచ్చింది

నేను డాక్టర్ని, చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉన్నదాన్ని కూడా. కొల్లేటి పక్కన ఒక చిన్న ఊళ్ళో ప్రాక్టీసు. తాతయ్య బీపీ నుంచి మనవడి దగ్గు దాకా ఇంటిల్లిపాదీ చూపించుకునే క్లినిక్. క్యాప్సూల్ పెట్టి పీల్చే పొడి ఇన్‌హేలర్‌ని 2013 నుంచి నేను వాడుతున్నాను, రోగులకూ రాస్తున్నాను. ఈ పన్నెండేళ్ళలో మూడు నాలుగు కంపెనీలవి మార్చాను. పనితీరులో పెద్ద తేడా కనిపించలేదు కాబట్టి పేర్లు రాయడం లేదు.

అంతకుముందు నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండేది పంపు, అంటే నొక్కితే స్ప్రే వచ్చే రకం. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరాలి. రోజూ పదిమందికి నేర్పించే నాకే ఆయాసం వచ్చిన రాత్రి అది కుదిరేది కాదు, మందు సగం నాలుక మీదే పడేది. పొడి రకంలో ఆ చిక్కు లేదు. క్యాప్సూల్ దోపి, కింది భాగం తిప్పితే అది విడిపోతుంది. ఊపిరి బయటికి వదిలేసి, గొట్టం నోట పెట్టుకుని గట్టిగా, లోతుగా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. నాలుకకి కాస్త తీపి తగులుతుంది, అది మందులో కలిపే లాక్టోజ్. తెరిచి చూసి, పొడి మిగిలితే ఇంకోసారి పీల్చాలి. మందు లోపలికి వెళ్ళిందో లేదో కంటికి కనపడడం నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

పర్యావరణం సంగతి అప్పటికి నా ఆలోచనలోనే లేదు. 2016లో రువాండా రాజధాని కిగాలిలో, భూమిని వేడెక్కించే హెచ్‌ఎఫ్‌సీ వాయువులు తగ్గించాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. పేపర్లో ఏసీల గురించి, ఫ్రిజ్‌ల గురించి రాశారు. అది చదివి, సొరుగులో ఉన్న పంపు తీసి లేబుల్ చూశాను. మందుని బయటికి తోసే వాయువు హెచ్‌ఎఫ్‌ఏ-134ఎ. ఆ జాతిదే! ఓజోన్ పొరని దెబ్బతీసే సీఎఫ్‌సీల బదులు వచ్చింది అది. ఓజోన్‌కి హాని లేదు గానీ, బరువుకి బరువు చూస్తే నూరేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,430 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కొన్ని పంపుల్లో వాడే 227ఇఎ అయితే 3,000 రెట్లు పైమాటే.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. రకాన్ని బట్టి మారుతుంది గానీ, 200 సార్లు నొక్కే పెద్ద పంపులో 18 గ్రాముల దాకా వాయువు ఉంటుంది. అంటే దాదాపు 25 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది 2.3 కిలోలు. లీటరుకి 45 కిలోమీటర్లిచ్చే స్కూటీ మీద 500 కిలోమీటర్లు తిరిగినట్టు, ఒక్క పంపుకి! క్లినిక్ మీద సోలార్ పలకలు పెట్టించాను, ప్రిస్క్రిప్షన్ కాగితం రెండు వైపులా వాడుతున్నాను, పాదరసం బీపీ మిషను తీసేశాను. ఇవన్నీ చేస్తూనే నా కలంతో నేను రాస్తున్న మందు గురించి అన్నేళ్ళూ ఆలోచించలేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవల మొత్తం కర్బన భారంలో దాదాపు 3 శాతం ఇన్‌హేలర్లదేనని ఆ తర్వాత చదివాను. పొడి రకంలో తోసే వాయువే ఉండదు, తోసేది మన ఊపిరి. ప్లాస్టిక్కు, క్యాప్సూళ్ళు, సీసా తయారీ భారం మాత్రం ఉంటుంది.

ఇప్పుడు లోపాలు. వాటి గురించి వివరంగానే చెప్పాలి.

మొదటిది తేమ. మృగశిర కార్తె నుంచి మా కొల్లేటి గాలి తడిబట్టలా ఉంటుంది. క్యాప్సూల్ మెత్తబడి సరిగా విడిపోదు, పొడి గడ్డకడుతుంది. మొదటి వానాకాలంలో నేను పడ్డ ఇబ్బంది ఇదే. వారానికి సరిపడా క్యాప్సూళ్ళు బిళ్ళల డబ్బాలోకి మార్చుకోవడం నా తప్పు. సీసాలోనే ఉంచి, పీల్చే ముందే ఒకటి తీసి, మూత బిగించేయాలి. వంటింట్లో పెట్టకూడదు. కడిగిన పరికరం పూర్తిగా ఆరాలి. వానాకాలంలో దానికి ఒక రోజంతా పడుతుంది, అందుకే నా దగ్గర రెండు ఉంటాయి. ఆరు నెలలకోసారి కొత్తది కొంటాను.

రెండోది, క్యాప్సూల్ చూడగానే ఎవరైనా మింగే మందనే అనుకుంటారు. ఒక మామ్మగారు నెల తర్వాత వచ్చి, "మందు వేసుకుంటున్నా డాక్టరమ్మా, ఆయాసం తగ్గట్లేదు" అన్నారు. "ఎలా వేసుకుంటున్నారు మామ్మగారూ?" అని అడిగితే, "పాలతో" అన్నారు. తప్పు నాదే, రాసిచ్చి పంపేశాను. ఆ రోజు నుంచి ప్రతివాళ్ళూ నా ఎదురుగా ఒకసారి పీల్చి చూపించాకే ఇంటికి వెళ్తున్నారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు పడుతుంది. రద్దీ ఉన్న సాయంత్రం అది కష్టమే, అయినా మానను.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం: దీనికి ఊపిరి బలం కావాలి. నిమిషానికి కనీసం 30 లీటర్ల వేగంతో పీల్చగలగాలి, 60 అయితే మేలు. ఐదారేళ్ళలోపు పిల్లలకి, బాగా నీరసించిన పెద్దవాళ్ళకి అది కుదరదు. వాళ్ళకి పంపే రాస్తాను, స్పేసర్‌తో, అంటే పంపుకీ నోటికీ మధ్య పెట్టే బోలు గొట్టంతో. దానివల్ల గాలి ఎంత వేడెక్కినా నాకు సంకోచం లేదు. స్పేసర్ కొనలేనివాళ్ళకి అర లీటరు నీళ్ళ సీసాకి అడుగున పంపు పట్టేంత కన్నం చేసి ఇస్తాం, పిల్లలకి అది బాగానే పనిచేస్తుంది. ఆయాసం ముదిరి మాట కూడా రానప్పుడు పొడి మందుని నమ్ముకోవద్దు. నా బ్యాగులో ఈ రోజుకీ ఒక పంపు ఉంటుంది, అలాంటి రాత్రి కోసమే. కాబట్టి ఇది చదివి ఎవరూ తమంతట తాము మందు మార్చుకోవద్దు.

ఇంకొక సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. పంపు మార్చడం కంటే, పంపు అవసరం తగ్గించడం వల్లే కర్బన భారం ఎక్కువ తగ్గింది. ఆయాసాన్ని అప్పటికప్పుడు తగ్గించే సాల్బుటమాల్ పంపులు ఏడాదికి మూడు అంతకుమించి ఖాళీ అవుతుంటే ఉబ్బసం ముదిరే ప్రమాదం ఎక్కువనీ, నెలకొకటైతే ప్రాణం మీదికి రావచ్చనీ ఉబ్బసం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ జీనా మార్గదర్శకాలు చెబుతాయి. అందుకే ఇప్పుడు, "పోయిన ఏడాది ఎన్ని పంపులు కొన్నారు?" అని ముందే అడుగుతాను. రైసుమిల్లులో లారీ నడిపే ఒకతను, "నెలకోటి అండీ, ఊక దుమ్ము లేచే రోజుల్లో రెండు" అన్నాడు. ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించే అసలు మందు అతనికి ఎవరూ ఇవ్వలేదు. బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన పొడి మందు రోజూ పీల్చి, నోరు పుక్కిలించమన్నాను. పోయిన ఏడాదంతా అతనికి ఒకే ఒక్క పంపు పట్టింది. పన్నెండు పంపులంటే 300 కిలోల లెక్క, అంతకన్నా నాకు సంతోషం అతను రాత్రిళ్ళు పడుకుంటున్నాడు. "పిల్లికూతలు లేక మా ఇంట్లోవాళ్ళకే నిద్ర పట్టట్లేదండీ, ఊపిరి ఆడుతోందా అని లేచి చూస్తున్నారు" అన్నాడు.

ఖర్చు విషయంలో ఫిర్యాదు లేదు. పరికరం ఒకసారి కొంటే, తర్వాత 30 క్యాప్సూళ్ళ సీసా ఒక్కటే. కూలిపని చేసేవాళ్ళకి ఒకేసారి పెద్ద మొత్తం పెట్టక్కర్లేదు. ఎన్ని మిగిలాయో లెక్క కూడా తెలుస్తుంది. చాలా పంపులకి లెక్క చూపే అంకె ఉండదు. మందు అయిపోయాక కూడా ఉత్త వాయువే వస్తుంటే, మందు వస్తోందనుకుని నొక్కేవాళ్ళని ఎందరినో చూశాను. నెలనెలా మిగిలే ప్లాస్టిక్ సీసాల మీద మాత్రం నాకు కోపమే. అదే సీసా మళ్ళీ నింపి ఇచ్చే ఏర్పాటు ఎందుకు ఉండకూడదు?

మన దేశం కిగాలి ఒప్పందాన్ని 2021లో ఆమోదించింది. 2032 నుంచి మెట్టు మెట్టుగా తగ్గిస్తూ 2047కి ఈ వాయువులని 85 శాతం తగ్గించాలి. భూమిని వేడెక్కించే గుణం బాగా తక్కువుండే 152ఎ లాంటి వాయువులతో పంపులు తయారు చేసే పని కూడా సాగుతోంది. అవి మన మందుల షాపులకి అందుబాటు ధరలో వస్తే, పసిపిల్లలకీ ముసలివాళ్ళకీ వాటినే రాస్తాను.

ఈలోగా ఖాళీ పంపులు తెచ్చి ఇమ్మని రోగులకి చెప్పాను. పొయ్యిలో వేస్తే పేలతాయి, ఆస్పత్రి వ్యర్థాలు కాల్చే కొలిమిలోనూ వేయకూడదు. అడుగున ఇంకా మిగిలి ఉండే వాయువుతో సహా వాటిని వెనక్కి తీసుకునేవాళ్ళు మా చుట్టుపక్కల దొరకలేదు. క్లినిక్ మెట్ల కింద రెండు గోనెసంచులు నిండాయి, మూడోది మొన్ననే మొదలుపెట్టాం.