ఊరు, ప్రేమ, గ్రహాంతర భయం: రెండు చిత్రాల్లో ఏది మేలు?

చిన్న ఊరిలో ఒక జంట ప్రేమకథ నడుస్తుండగా ఆకాశం నుంచి ఆపద వచ్చిపడే హాలీవుడ్ చిత్రాల్లో ముందుగా చూడదగ్గవి రెండు: డాన్ సీగెల్ దర్శకత్వం వహించిన 'ఇన్వేజన్ ఆఫ్ ది బాడీ స్నాచర్స్' (1956), ఇర్విన్ యేవర్త్ తీసిన 'ది బ్లాబ్' (1958). ఒక్కటే చూసే తీరిక ఉన్నవారికి నేను మొదటిదే చెబుతాను. ముగింపుల ప్రస్తావన లేకుండా కారణం చెప్పడం సాధ్యం కాదు కనుక, కథ ముందే తెలియకూడదనుకునేవారు ఇక్కడే ఆగడం మంచిది.

'ది బ్లాబ్'లో స్టీవ్, జేన్ కారులో ఉండగా ఉల్క రాలుతుంది. దాన్ని కర్రతో పొడిచిన ముసలాయన చేతికి అంటుకున్న జిగురుముద్ద, మనుషులను మింగినకొద్దీ పెరుగుతూ పోతుంది. పెన్సిల్వేనియాలోని అసలు ఊళ్లలో తీసినందువల్ల పరిసరాలకు మంచి సహజత్వం వచ్చింది; ఫీనిక్స్‌విల్‌లోని కలోనియల్ థియేటర్ నుంచి జనం కేకలు వేస్తూ వీధిలోకి పరుగెత్తే ఘట్టాన్ని ఆ ఊరివారు ఏటా ఉత్సవంలా మళ్లీ నటిస్తున్నారు. కుర్రవాళ్ల మాటను పెద్దలు ఆకతాయితనంగా కొట్టిపారేయడం ఈ చిత్రానికి నిజమైన బలం. అయితే జేన్‌ను కథలోంచి తీసేసినా ఆ ముద్ద అలాగే పాకుతుంది, చివరికి చలికి అలాగే లొంగుతుంది. ప్రేమ ఇక్కడ భయానికి పక్కన నిలబడిందే తప్ప అందులో కలవలేదు.

సీగెల్ చిత్రంలో ఆ కలయిక మొదటి నుంచీ ఉంది. శాంటా మీరా అనే కల్పిత పట్టణంలో డాక్టర్ మైల్స్, ఊరికి తిరిగివచ్చిన అతని పాత ప్రియురాలు బెకీ, ఇద్దరూ విడాకులు తీసుకున్నవారే, మళ్లీ దగ్గరవుతున్న సమయంలో, తమవాళ్లు తమవాళ్లు కారని ఊళ్లో కొందరు వాపోవడం మొదలవుతుంది. రూపం, గొంతు, జ్ఞాపకాలు అన్నీ అవే, మమకారం ఒక్కటే ఉండదు. పెద్ద కాయల్లోంచి పుట్టిన నకళ్లు, మనుషులు నిద్రపోగానే వారి స్థానంలోకి వస్తున్నాయి. గాజు పందిరిలో నురగలు కక్కుతూ కాయలు విచ్చుకున్నప్పుడు, మైల్స్ పంగలకర్ర ఎత్తి కూడా బెకీ రూపంలో ఉన్నదాన్ని పొడవలేక, తన నకలునే పొడుస్తాడు. ఆ తరువాత గనిలో దాక్కున్న చోట ఆమెను ముద్దుపెట్టుకున్న క్షణంలోనే, ఈమె తన బెకీ కాదని అతనికి అర్థమవుతుంది. ప్రేమించినవాడు మాత్రమే గుర్తుపట్టగల మార్పు అది; ప్రేమకథ తీసేస్తే ఈ భయమే లేదు.

లోపాలు లేవని కాదు. బెకీ మార్పుకు అక్కడ కాయ ఎక్కడి నుంచి వచ్చిందో చిత్రం చెప్పదు, ఆసుపత్రి సన్నివేశాలతో కూడిన మొదలు, ముగింపు స్టూడియో ఒత్తిడితో అతికించినవి కావడం వల్ల రహదారి మీద మైల్స్ గొంతు చించుకుని చేసే హెచ్చరిక పదును కొంత తగ్గింది. అయినా నా తీర్పు మారదు. పిల్లలతో కలిసి రంగుల్లో, కాస్త తేలికగా చూడాలనుకునే రోజుకు మాత్రం 'ది బ్లాబ్' సరిపోతుంది.