పిల్లల షుగర్ క్లినిక్‌కు మూడు స్టార్లు, అక్కడి సిస్టరమ్మకు ఐదు

మాది ఆదోని. దర్జీ పని. ఇరవై రెండేళ్లుగా సూదితోనే బతుకు కాబట్టి ఎవరి చేతిలో సూది ఎలా ఆడుతుందో చూడగానే తెలిసిపోతుంది. కర్నూలులో మా పాపను చూపిస్తున్న పిల్లల షుగర్ క్లినిక్ గురించి, ముఖ్యంగా అక్కడి సిస్టర్ గురించి రాయడానికి నాకున్న అర్హత అంతే. ఆవిడ పేరు రాయడం లేదు. రాయవద్దని ఆవిడే అన్నారు.

మా పాపకు తొమ్మిదేళ్లు. జూన్‌లో బడి తెరిచినప్పుడు యూనిఫాం నేనే కుట్టాను. స్కర్టు నడుము 23 అంగుళాలు. ఆగస్టులో జారిపోతోందంటే పక్కన ఒక కుట్టు వేసి బిగించాను. దసరాకు ముందు మళ్లీ జారితే మళ్లీ బిగించాను. రాత్రి నాలుగుసార్లు లేచి బాత్రూముకు వెళ్లేది, చెంబులు చెంబులు నీళ్లు తాగేది. ఎండలు తగ్గలేదు కదా అనుకున్నాం. ఊరందరి కొలతలూ పుస్తకంలో రాసుకునేవాణ్ణి, సొంత బిడ్డ నడుము రెండున్నర అంగుళాలు తగ్గితే ఎందుకని అడగకుండా కుట్టు వేశాను. తర్వాత వాంతులు మొదలయ్యాయి. మొదట చూపించిన చోట కడుపులో ఇన్ఫెక్షన్ అని మందులిచ్చి పంపారు. రెండో రోజుకు పిల్ల ఎగశ్వాస తీస్తోంది. కర్నూలు తీసుకెళ్లి రక్తం చుక్క మీటరులో పెడితే అంకె రాలేదు, ‘హై’ అని మాత్రం వచ్చింది. నాలుగు రోజులు ఐసీయూ. టైప్ 1 షుగర్ అన్నారు. ఈ రకంలో ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదట, మాత్రలతో పని జరగదట, రోజూ సూది వేసుకోవలసిందేనట.

ఆ తర్వాత చేరింది ఈ క్లినిక్‌లో. పెద్ద డాక్టరు గారు హైదరాబాదు నుంచి నెలకు రెండు శనివారాలు వస్తారు. మంచి డాక్టరు, తక్కువ మాట్లాడతారు. మిగతా రోజులన్నీ క్లినిక్ అంటే ఈ సిస్టరమ్మే.

మొదటి రోజు నన్ను కూర్చోబెట్టి, “అన్నా, ముందు మీరు వేసుకోండి” అన్నారు. ఉత్త సెలైన్ సిరంజిలోకి ఎక్కించి నా చేతికిచ్చారు. వేల సూదులు విరగ్గొట్టిన చేయి, ఆ రోజు వణికింది. అది చూసి ఆవిడ నవ్వలేదు. సిరంజి మీద నంబరు చదవమన్నారు. 31. మా మిషన్‌కు వేసే 16 నంబరు సూదే ఒక మిల్లీమీటరు మందం, 31 అంటే ఎంత లావుంటుందోనని నా గుండె జారింది. తీరా చూస్తే వెంట్రుకలా ఉంది. వీళ్ల లెక్క తిరకాసు: మాకు నంబరు పెరిగితే సూది లావు, వీళ్లకు నంబరు పెరిగితే సన్నం. పావు మిల్లీమీటరు పైన కొద్దిగా, అంతే. పొట్ట మీద వేసుకున్నాను. దోమ కుట్టినంత. “ఇప్పుడు పాపతో నొప్పి ఎంతుంటుందో అబద్ధం చెప్పనవసరం లేదు” అన్నారు సిస్టరమ్మ.

వేసే చోటు కూడా ఆవిడ పెన్నుతో గీసి చూపించారు. బొడ్డుకు రెండు వేళ్లు వదిలి, చుట్టూ గడియారంలా. ఒకసారి వేసిన చోటికి మరోసారి వేసే చోటికి ఒక వేలి వెడల్పు దూరం. చొక్కాకు కాజాలు గుర్తు పెట్టినట్టే ఉంది, నాకు మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదు. పాలలా ఉండే ఇన్సులిన్ సీసాను కుదపకూడదు, అరచేతుల మధ్య దొర్లించాలి, రెండు రకాలు కలిపి ఎక్కించేటప్పుడు ముందు తేటగా ఉన్నది, తర్వాత తెల్లది. ఇదంతా మా ఆవిడకు ఒకసారి, మా అమ్మకు ఒకసారి విడివిడిగా చేయించి చూశారు. మా అమ్మకు చదువు రాదు. ఆవిడ కోసం సిరంజి మీద గీత దగ్గర రంగు దారం కట్టి చూపించారు. ఆ దారం నా డబ్బాలోదే.

ఇప్పుడు నేను ఇది రాయడానికి అసలు కారణమైన సంగతి. సిరంజి మారినా, సీసా మారినా వేసే ముందు తనకు ఫొటో పంపాలని మొదటి రోజే ఒట్టు పెట్టించుకున్నంత పని చేశారు. మూడో వారంలో సిరంజిలు అయిపోతే మా వీధి చివర మందుల షాపులో కొన్నాను. ఎప్పటివాటికి ఎర్ర మూత, వీటికి నారింజ మూత. రాత్రి ఎనిమిదిన్నరకు ఫొటో పంపాను. నిమిషంలో ఫోను. “వేయకండి. మీ మెడలో టేపు ఉందా?”

ఉంది. దర్జీ మెడలో టేపు లేకపోవడం ఎప్పుడు?

“దానికి రెండు వైపులా అంకెలున్నాయి కదా. ఒక వైపు చివర ఎంత?” 60 అంగుళాలు. “ఇంకో వైపు?” 150 సెంటీమీటర్లు. “అంగుళాల్లో చెప్పిన కొలతకు సెంటీమీటర్ల వైపు చూసి గుడ్డ కత్తిరిస్తే?”

నాకు చెమటలు పట్టాయి. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందు కోసం గీతలు గీసినది. ఆ సిరంజిలో 10 గీత దాకా మా సీసాలోది ఎక్కిస్తే పాపకు వెళ్లేది నాలుగు యూనిట్లే. పొరపాటు తిరగబడితే, అంటే 100 మందును ఎర్ర మూత సిరంజిలోకి తీస్తే, పదికి ఇరవై అయిదు వెళ్తుంది. 60కి 150 ఎంతో, 40కి 100 అంతే, రెండున్నర రెట్లు. ఈ పోలిక ఆవిడ ఎక్కడో చదివి చెప్పింది కాదు, నా మెడలో ఉన్నదాన్ని గుర్తు పెట్టుకుని చెప్పింది.

లెక్క అర్థమైంది కదా అని నేను తెలివి చూపించబోయాను. అయితే పది యూనిట్లకు ఈ సిరంజిలోనే 25 గీత దాకా తీస్తే సరిపోతుంది కదా సిస్టర్ అన్నాను. ఒక్కసారిగా గొంతు మారింది. “లెక్క సరైనదే. ఈ రోజు మీరు కడతారు. రేపు అర్ధరాత్రి నిద్రమత్తులో మీ ఆవిడ కడుతుంది. ఎర్ర మూతవి దొరికేదాకా తిరగండి.” నాలుగో షాపులో దొరికాయి. అప్పటిదాకా ఆవిడ ఫోను దగ్గరే ఉన్నారు. వాళ్ల ఇంట్లో కుక్కరు విజిల్ వేయడం నాకు వినిపిస్తూనే ఉంది.

మా పాపకు ఆవిడంటే భయమూ ఇష్టమూ సమానం. ఒకసారి పాప పుస్తకంలో షుగర్ అంకెలన్నీ ముచ్చటగా ఉన్నాయి: 110, 120, 115, 130. నేను మురిసిపోతూ ముందుకు తోశాను. సిస్టరమ్మ పేజీని వెలుతురుకు ఎత్తి చూశారు. పది రోజుల రాతలూ ఒకే సిరా, ఒకే వాలు. ఏమీ అనకుండా మీటరులో పాత అంకెలు తెరిచారు. 268, 301, 190. పాప తల వంచుకుంది. నేను నోరు తెరవబోతే కళ్లతోనే ఆపి, “చిన్నీ, వెళ్లి నీ బరువు చూసుకుని రా తల్లీ” అని పంపించి నా వైపు తిరిగారు. “మీరు ఇంట్లో ఏమంటున్నారు? మంచి షుగర్, చెడ్డ షుగర్ అంటున్నారా?” అంటున్నాం. రోజూ అంటున్నాం. “ఎక్కువ వస్తే పిల్ల తప్పు చేసినట్టు కాదు. ఎక్కువ ఉంది, తక్కువ ఉంది అనండి. ఆ మాట మారితే అంకెలు వాటంతటవే నిజాలు చెబుతాయి.” పాపను ఒక్క మాట అనలేదు. నాకు మాత్రం దులిపినంత పనైంది.

ఎక్కువ రావడానికి కారణం కూడా ఆ రోజే దొరికింది. కళ్లు మూసుకుని పాప తొడ మీద వేళ్లు మెల్లగా నడిపించి, ఒక చోట ఆగి, నా చూపుడు వేలు అక్కడ పెట్టించారు. అస్తరు కింద దారం ముడి పడినట్టు చిన్న గడ్డ. పొట్ట మీద వద్దని పాప మారాం చేస్తే నెల రోజులుగా ఎడమ తొడ మీద ఒకే చోట వేస్తున్నాను. గడ్డలోకి వెళ్లిన మందు సరిగా ఒంటికి పట్టదట. చోటు మారిస్తే షుగర్ ఒక్కసారి పడిపోవచ్చని అప్పటికప్పుడు డాక్టరు గారికి ఫోను చేసి డోసు తగ్గించి రాయించారు.

ఇంకొకటి చెప్పాలి, ఇది నా పనికి సంబంధించినది. షుగర్ 70 కంటే తగ్గితే వెంటనే పంచదారో గ్లూకోజు పొడో ఇవ్వాలి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. చాక్లెట్ పనికిరాదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. ఇవన్నీ చెప్పి, “పాప స్కర్టుకు జేబు ఉందా?” అని అడిగారు. లేదు. ఆడపిల్లల స్కర్టుకు జేబు పెట్టే అలవాటు మా దగ్గర ఎవరికీ లేదు, నాతో సహా. “బ్యాగు తరగతిలో ఉంటుంది, పిల్ల ఆటస్థలంలో ఉంటుంది, కళ్లు తిరిగేది అక్కడే.” ఆ రాత్రే జేబు కుట్టాను. ఇప్పుడు క్లినిక్‌కు వచ్చే ఆడపిల్లల స్కర్టులు, గౌన్లు నాకు పార్సిల్‌లో వస్తున్నాయి. జేబుకు ఇరవై రూపాయలు తీసుకోవాలని రేటు కూడా ఆవిడే కట్టారు, ఊరికే చేస్తే రెండో నెలకు మానేస్తానట.

నవంబరు 14 బాలల దినోత్సవం. అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడానట, ఇన్సులిన్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన బాంటింగ్ పుట్టినరోజు. ఆ రోజు పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, 1922లో టొరంటోలో మొట్టమొదట ఈ మందు ఎక్కించుకున్నది 14 ఏళ్ల అబ్బాయి అని చెప్పారు. “ఏడ్చాడా?” అంది మా పాప. “ఏడ్చే ఉంటాడు. అప్పటి సూదులు మీ నాన్న మిషన్ సూదుల్లా ఉండేవి.”

మరి మూడు స్టార్లే ఎందుకంటారా? డాక్టరు వచ్చే శనివారం టోకెన్ల దగ్గర సంత. పదకొండు గంటల తర్వాత బెంచి దొరకదు. మాటిమాటికీ మూత్రానికి వెళ్లే పిల్లల క్లినిక్‌లో ఒకే బాత్రూము, అందులో మధ్యాహ్నానికి నీళ్లుండవు. ఎవరి బుర్రో గానీ అద్భుతం. బిల్లు కట్టే చోట అబ్బాయి ఫోనులోంచి తల ఎత్తడు. అన్నిటికంటే పెద్ద లోటు, సిస్టరమ్మ ఒక్కరే కావడం. ఆవిడ సెలవు పెట్టిన రోజు ఆ గదిలో ఇన్సులిన్ గురించి అడిగితే జవాబు చెప్పే మనిషి లేరు. యాజమాన్యం ఇది చదివితే ఇంకొకరిని ఆవిడ దగ్గర పెట్టి పని నేర్పించాలి. ఆవిడ కోపం గురించి కూడా చెబుతాను: ఉంది. ఆలస్యంగా వెళ్తే వినవలసి వస్తుంది.

మొన్న పాప స్కర్టుకు నేను వేసిన రెండు కుట్లూ విప్పాను. 23కు వచ్చి ఇంకో అర అంగుళం కావాలంటోంది.

కొత్తగా వెళ్లేవాళ్లు తొమ్మిదిలోపు చేరుకోండి, నీళ్ల సీసా వెంట ఉంచుకోండి, వాడిన సూదులు గట్టి డబ్బాలో వేసి తీసుకెళ్లి ఆవిడకే ఇవ్వండి. మీటరు, పుస్తకం మర్చిపోవద్దు. పుస్తకం మాత్రం ఏ రోజుది ఆ రోజే రాయండి. బస్సులో కూర్చుని పది రోజులవీ ఒకే పెన్నుతో రాస్తే ఆవిడ వెలుతురుకు ఎత్తి చూస్తారు.