హెచ్‌ఐవీ వ్యాప్తిని జన్యుక్రమంతో గమనించాలంటే: దూరాల నెట్‌వర్కా, వంశవృక్షమా, డీప్ సీక్వెన్సింగా?

వైరస్ జన్యుక్రమాల గురించి రాసిన ప్రతిసారీ అదే ప్రశ్న వస్తోంది: "ఒక సమాజంలో హెచ్‌ఐవీ ఎలా పాకుతోందో తెలుసుకోవడానికి ఈ మూడింటిలో ఏది మేలు?" అడిగేవాళ్లలో ఎక్కువమంది ప్రజారోగ్య విద్యార్థులు, ల్యాబుల్లో పనిచేసేవాళ్లు. పోల్ జన్యువు (వైరస్ ఎంజైములకు సూచనలుండే భాగం) ఏమిటో, ఈ వైరస్ ఎంత వేగంగా మారుతుందో వాళ్లకు తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

ముందుగా దూరాల నెట్‌వర్క్. ఏ మందు పనిచేయదో తేల్చడానికి చాలాచోట్ల పోల్ సీక్వెన్స్ ఎలాగూ తీస్తారు. వాటిని రెండేసి చొప్పున తీసుకుని జన్యు దూరం (రెండింటి అక్షరాల్లో ఎంత శాతం తేడాయో) లెక్కగట్టి, హద్దు లోపల ఉన్నవాటిని గీతతో కలపడమే హెచ్‌ఐవీ-ట్రేస్ లాంటి సాఫ్ట్‌వేర్ చేసేది. హద్దు 1.5 శాతం పెడితే పాత సంబంధాలు కూడా వచ్చి చేరతాయి. 0.5 శాతం పెడితే వైరస్‌లు విడిపోయి సుమారు 2-3 ఏళ్లు మాత్రమే అయినవి మిగులుతాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఈ చిన్న హద్దునే వాడి, 12 నెలల్లో అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమందికి కొత్తగా నిర్ధారణ అయిన గుంపుల మీద ముందు దృష్టి పెట్టింది. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. రేపు వంద కొత్త శాంపిళ్లు వచ్చినా నిన్న లెక్కగట్టిన దూరాలు మారవు. వారం వారం చూసుకోవాల్సిన పనికి ఆ నిలకడ చాలా అవసరం.

లోపాలూ ఉన్నాయి. ఇన్ఫెక్షన్ సోకి ఏళ్లు గడిచినవారిలో ఒకే స్థానంలో రెండు మూడు అక్షరాలు కలగలిసి కనిపిస్తాయి. వాటిని ఉదారంగా సరిపోల్చుకుంటూ పోతే సంబంధం లేనివాళ్లు కూడా దగ్గరివాళ్లలా తేలతారు. మిశ్రమ అక్షరాలకు పరిమితి పెట్టకుండా గీసిన నెట్‌వర్క్‌ని నేను నమ్మను.

వంశవృక్షమంటే ఏ వైరస్ దేనినుంచి చీలిందో సీక్వెన్సుల తేడాలను బట్టి గీసిన కొమ్మల చిత్రం. దాని బలం నేపథ్యంలో ఉంది. పక్క ప్రాంతాల సీక్వెన్సులు కూడా చేర్చి చూస్తే, ఈ ఇద్దరూ దగ్గరగా ఉన్నది నిజంగానా, లేక ఆ ప్రాంతంలో అందరి వైరస్సూ అలాగే ఉందా అన్నది తెలుస్తుంది. కాలాన్ని కూడా లెక్కలోకి తెస్తే ఇంకా దూరం వెళ్లొచ్చు. లిబియాలోని బెంఘాజీ ఆసుపత్రిలో వందలాది పిల్లలకు హెచ్‌ఐవీ సోకినందుకు బల్గేరియా నర్సులకు, ఒక పాలస్తీనా డాక్టరుకు మరణశిక్ష పడింది. 1998 మార్చిలో వాళ్లు రాకముందే ఆ వైరస్ ఆసుపత్రిలో తిరుగుతోందని 2006లో వంశవృక్ష విశ్లేషణ చూపించింది. దూరాల నెట్‌వర్క్ ఒక్కటే ఉంటే ఆ మాట చెప్పగలిగేది కాదు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్‌లో 25 ఏళ్ల లోపు యువతులకు వైరస్ సగటున 8.7 ఏళ్లు పెద్దవారైన పురుషుల నుంచి వస్తోందని 2017లో తేల్చిందీ వృక్షాల్లోని గుంపుల్ని వయసుతో కలిపి చదివిన అధ్యయనమే.

అయితే కొత్త శాంపిళ్లు చేరినప్పుడల్లా వృక్షాన్ని మళ్లీ కట్టాలి. కొమ్మలు కదులుతాయి, ఒక్కో కొమ్మను ఎంత నమ్మొచ్చో చెప్పే బూట్‌స్ట్రాప్ విలువలు మారతాయి, నిన్నటి రెండు గుంపులు ఇవాళ ఒకటవుతాయి. రోజువారీ నిఘాకు వృక్షం పనికిరాదని మాత్రం అనలేను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వృక్షాన్ని ఎప్పటికప్పుడు తిరిగి కడుతూనే, 2014లో మూడు నెలల్లో 11 కొత్త కేసులు చేరిన గుంపును పట్టుకున్నారు. అందులో ఎనిమిదింటిలో మందులకు లొంగని వైరస్ ఉంది.

ఇక డీప్ సీక్వెన్సింగ్. ఒక మనిషికి ఒక్క సీక్వెన్స్ కాకుండా, అతని శరీరంలోని వైరస్ రకాలెన్నో బయటపడతాయి. ఒకరి వైరస్‌ల కొమ్మ మరొకరి కొమ్మల లోపలినుంచి మొలిచినట్టుంటే, ఎవరినుంచి ఎవరికి వెళ్లిందో అంచనా వేయొచ్చు. ఉగాండాలోని రాకై ప్రాంతంలో ఈ పద్ధతి చాలామంది నమ్మకాన్ని తలకిందులు చేసింది. విక్టోరియా సరస్సు ఒడ్డున చేపల వేట మీద బతికే ఊళ్లలో హెచ్‌ఐవీ బాగా ఎక్కువ. అక్కడినుంచే లోపలి ఊళ్లకు పాకుతోందని అనుకునేవారు. తీరా చూస్తే, తీరం నుంచి లోపలికి వెళ్లేదానికంటే లోపలినుంచి తీరానికి వచ్చేదే ఎక్కువ. మత్స్యకారులను వ్యాధికి మూలంగా చూస్తూ వచ్చిన ధోరణికి ఇది గట్టి జవాబు. ఈ ప్రశ్నకు మిగతా రెండు పద్ధతులూ ఇంత సూటిగా బదులివ్వలేవు.

నా దృష్టిలో అసలు తేల్చాల్సింది కూడా ఇక్కడే, ఈ 'ఎవరినుంచి ఎవరికి' దగ్గరే. రాకైలో అలా దిశ చెప్పిన జంటల్లో సుమారు 16 శాతం తప్పయి ఉండొచ్చని ఆ పరిశోధకులే అంచనా కట్టారు. వేల మంది మీద సగటు తీసేటప్పుడు ఆ పొరపాటును గణాంకాల్లో సర్దుకోవచ్చు. ఒక మనిషి వైపు వేలు చూపించేటప్పుడు అలా సర్దుకునే వీలుండదు. ఇద్దరి మధ్య పరీక్ష చేయించుకోని మూడోవ్యక్తి ఉన్నా కొమ్మలు అలాగే కనిపించవచ్చు. ఆ మూడోవ్యక్తి శాంపిల్ మన దగ్గర ఎప్పటికీ ఉండకపోవచ్చు. హెచ్‌ఐవీ సోకించడాన్ని నేరంగా చూసే దేశాల్లో ఇలాంటి ఫైలు కోర్టుకు చేరితే ఏమవుతుందో ఊహించండి.

జన్యుక్రమం 'కాదు' అన్నప్పుడు బలంగా చెబుతుంది, 'అవును' అన్నప్పుడు అంత బలంగా చెప్పలేదు. జంటలో ఒకరికే హెచ్‌ఐవీ ఉన్నప్పుడు మందులు ముందే మొదలుపెడితే రెండోవారికి సోకడం తగ్గుతుందా అని చూసిన హెచ్‌పీటీఎన్ 052 ట్రయల్ 2011 ఫలితాల్లో 39 కొత్త ఇన్ఫెక్షన్లు కనిపిస్తే, జన్యుపరంగా జీవిత భాగస్వామి వైరస్‌తో కలిసినవి 28. ఆ 28లో ముందుగానే మందులు మొదలుపెట్టినవారి వైపున్నది ఒక్కటే. భాగస్వామి వైరస్‌తో కలవనివాటిని పక్కన పెట్టగలగడం వల్లే చికిత్సే నివారణ అన్న మాటకు అంత స్పష్టమైన రుజువు దొరికింది.

అందుకే, సమాజంలో పని చేయడానికైతే నా ఓటు 0.5 శాతం దూరాల నెట్‌వర్క్‌కే. దాని గీతలకు బాణం గుర్తు ఉండదు. చాలామంది దాన్ని లోపమంటారు, నేను రక్షణ అంటాను. ఆరోగ్య కార్యకర్తకు కావాల్సింది ఎక్కడ వ్యాప్తి వేగంగా ఉందో, పరీక్షలు, మందులు, శుభ్రమైన సూదులు ఎక్కడికి చేర్చాలో. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం స్కాట్ కౌంటీలో 2015 నవంబరు నాటికి 181 మందికి హెచ్‌ఐవీ నిర్ధారణ అయింది, దాదాపు అందరి వైరస్‌లూ ఒకదానికొకటి అతి దగ్గరివి. మొదటివాడు ఎవరన్న ఆరా అక్కడ ఎవరినీ కాపాడదు. నొప్పిమందును పంచుకున్న సూదులతో ఎక్కించుకుంటున్న ఊరికి సూదుల మార్పిడి కార్యక్రమం కావాలి, అది తెచ్చారు.

గుంపు పెద్దదిగా కనబడితే అక్కడివాళ్లే ఎక్కువగా సోకిస్తున్నారని అనుకోవద్దు. త్వరగా పరీక్ష చేయించుకునేవాళ్లు త్వరగా గుంపుల్లో చేరతారు. ల్యాబ్ గడప తొక్కనివాళ్లు ఏ నెట్‌వర్క్‌లోనూ కనిపించరు. ఆ ఖాళీని పూడ్చేది భాగస్వాములను నేరుగా కలిసి మాట్లాడే పాత పద్ధతి. ఈ మూడింటిలో దేన్ని ఎంచుకున్నా అది పక్కన ఉండాల్సిందే. వంశవృక్షం ఆకారాన్ని బట్టి వ్యాప్తి వేగాన్ని లెక్కగట్టే ఫైలోడైనమిక్స్ నమూనాలు దశాబ్దాల చరిత్ర చెప్పడానికి బాగుంటాయి, వచ్చే నెల పనికి అంతగా అక్కరకు రావు.

మొదలుపెట్టేవాళ్లు 1.5, 0.5 రెండు హద్దులతోనూ గీసి చూడండి. అనుమానం వచ్చిన గుంపును వృక్షంలో పెట్టి సరిచూడండి. డీప్ సీక్వెన్సింగ్‌ను పేర్లు తీసేసిన పరిశోధనకే ఉంచండి. ల్యాబ్ నుంచి బయటికి వెళ్లే రిపోర్టులో గుంపు ఎంత పెద్దదో, ఎంత వేగంగా పెరుగుతోందో మాత్రమే రాయండి. ఎవరికి ఎవరితో గీత కలిసిందో ఆ జాబితా ల్యాబ్ దాటకూడదు.