జాగ్రత్త: రీసెట్ నొక్కితే వెలిగే ఆయిల్ బర్నర్‌ను నమ్మి ఇల్లు కొనకండి, పార్టులు మార్పించకండి

అమెరికాలో మసాచుసెట్స్, కనెటికట్, న్యూజెర్సీ వైపు పాత ఇళ్లు కొంటున్న మనవాళ్లకు ఈ హెచ్చరిక. గ్యాస్ లైన్ రాని వీధుల్లో ఇప్పటికీ చాలా ఇళ్లకు ఆయిల్ హీటింగే దిక్కు. బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల ట్యాంకు, దాని పక్కన ఇంటిని వేడిచేసే బాయిలరో ఫర్నేసో, దాని ముందు ఆయిల్‌ను మండించే బర్నర్. ఇన్‌స్పెక్షన్ రోజు థర్మోస్టాట్ పెంచగానే చక్కగా వెలుగుతుంది. ఇల్లు చేతికొచ్చాక జనవరిలో అర్ధరాత్రి ఆరిపోతుంది. బర్నర్ మీది రీసెట్ బటన్ నొక్కితే వెలుగుతుంది, రెండు రోజులు బాగుంటుంది, మళ్లీ ఆరుతుంది.

టెక్నీషియన్ వచ్చేసరికి మంట బాగానే ఉంటుంది కాబట్టి ఊహ మీద ఏదో ఒక పార్టు మారుస్తాడు. ముందు క్యాడ్ సెల్ (మంట వెలుగును చూసే చిన్న కన్ను), తర్వాత బర్నర్‌ను నడిపి ఆపే కంట్రోల్ బాక్స్, ఆపైన నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిటర్, పంపు. ప్రతిసారీ ఓ బిల్లు. చివరికి బాయిలరే పాతదైపోయింది, కొత్తది వేయించుకోమంటారు. ఆ కొత్తదాన్ని అదే పాత ఆయిల్ లైన్‌కు తగిలిస్తే జబ్బు మళ్లీ తిరిగొస్తుంది.

అన్నిటికన్నా ముందు రీసెట్ సంగతి. ఒక్కసారి నొక్కండి, వెలగకపోతే ఆపేసి మనిషిని పిలవండి. గంటకు 0.85 గ్యాలన్ల ఆయిల్‌ను తుంపరగా చిమ్మే నాజిల్, మంట కోసం 45 సెకన్లు చూసి ఆపేసే కంట్రోల్ ఉన్న బర్నర్‌లో నొక్కిన ప్రతిసారీ సుమారు 40 మిల్లీలీటర్ల ఆయిల్ మండకుండా లోపల చేరుతుంది. ఐదారుసార్లు నొక్కాక ఏదో ఒకసారి నిప్పు అంటుకుంటే పోగైందంతా ఒక్కసారిగా మండి బాయిలర్ తలుపు ఎగరొచ్చు, ఇల్లంతా మసి కమ్మొచ్చు. వరుసగా మూడుసార్లు విఫలమైతే కొత్త కంట్రోళ్లు పూర్తిగా లాక్ అయిపోయేది అందుకే. బటన్ చాలాసేపు నొక్కిపట్టి ఆ లాక్ తీసే చిట్కా ఎవరైనా చెబితే వినకండి. లోపల నిలిచిన ఆయిల్ చూడకుండా తీయకూడని లాక్ అది.

మంట ఎలా ఆరుతోందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. బాయిలర్ మీది చిన్న కిటికీలోంచి మంట నిక్షేపంగా కనిపిస్తున్నా 15 లేదా 45 సెకన్లకు బర్నర్ ఆగిపోతే క్యాడ్ సెల్‌నో కంట్రోల్‌నో అనుమానించాలి. క్యాడ్ సెల్ ముఖానికి మసి పడితే మంట ఉన్నా లేదనుకుంటుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. మంట ఉన్నప్పుడు దాని రెసిస్టెన్స్ 1600 ఓంల లోపు ఉండాలి. హనీవెల్ ఆర్7184, బెకెట్ జెనిసిస్ కంట్రోళ్లలో మంట నిలదొక్కుకున్నాక బటన్‌ను క్షణంపాటు నొక్కితే లైటు మెరుస్తుంది. 1 నుంచి 3 మెరుపులైతే పర్వాలేదు, 4 అయితే 1600 దాటినట్టు. ఈ లెక్క చూడకుండా కొత్త సెల్ వేస్తానంటే ఒప్పుకోకండి.

మోటారు తిరిగి ఆయిల్ చిమ్ముతున్నా మంటే పుట్టకపోతే నిప్పురవ్వ ఇచ్చే ఎలక్ట్రోడ్లు చూడాలి. వాటి పింగాణీకి సన్నటి పగులు ఉన్నా నిప్పురవ్వ పక్కదారి పడుతుంది. బెకెట్ ఏఎఫ్‌జీ బర్నర్‌లో రెండు మొనల మధ్య ఖాళీ 5/32 అంగుళం, కంటితో అంచనా వేసే పని కాదు.

ఇక మూడోది, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే: బాగా వెలిగి, కాసేపు మండి, మధ్యలో వణికి ఆరిపోవడం. ఇందులో ముందు అనుమానించాల్సింది పార్టులను కాదు, లైన్‌లోకి చేరే గాలిని. ట్యాంకు నుంచి ఆయిల్‌ను పంపు పీల్చుకుంటుంది కాబట్టి ఆ రాగి గొట్టానికి సందుంటే ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. నేల మీద మరక లేదు కనుక లీకు లేదని తేల్చేయడం తప్పు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆయిల్ బరువుకే కిందికి దిగుతుంది, ఇబ్బంది కనిపించదు. పావు వంతుకు దిగాక మొరాయించడం మొదలైతే అదే పెద్ద ఆనవాలు. అలాంటి ఇంట్లో ట్యాంకు నింపించగానే జబ్బు నయమైనట్టుంటుంది, నెల తర్వాత మళ్లీ మొదలు. బర్నర్ ఆగాక ఆయిల్ వాసన వచ్చినా గాలే కారణం కావచ్చు: నాజిల్ లైన్‌లో చిక్కిన గాలి వేడికి వ్యాకోచించి ఆయిల్‌ను చుక్కలుగా బయటికి తోస్తుంది, ఆ చుక్కలే నాజిల్ మొన మీద బొగ్గు కడతాయి.

దీన్ని తేల్చే పరీక్ష తేలికే. పంపులో గాలి వదిలే బ్లీడర్‌కు పారదర్శకమైన ట్యూబు తగిలించి కొన్ని నిమిషాలు నడిపితే నురగో బుడగలో కంటికే కనిపిస్తాయి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే పాత లైన్ విప్పి, 5 గ్యాలన్ల డబ్బాలో శుభ్రమైన ఆయిల్ పోసి దాని నుంచే బర్నర్ నడిపించమనండి. అలా ఆరకుండా నడిస్తే బర్నర్‌కు ఏ రోగమూ లేదు, దోషం లైన్‌దో ట్యాంకుదో. ఈ పరీక్ష చేయనివాడు పంపు మార్చమంటే ఆగమని చెప్పండి.

సందులు సాధారణంగా కంప్రెషన్ ఫిట్టింగుల్లో (గొట్టం చుట్టూ రింగు బిగించే అతుకులు), ఫిల్టర్ మూత గ్యాస్కెట్‌లో, పంపు జాలీ మూత దగ్గర ఉంటాయి. కంప్రెషన్ తీసేసి, గొట్టం మొనను విప్పార్చి బిగించే ఫ్లేర్ ఫిట్టింగులు వేయించండి. టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకండి, దాని పోగులు పంపులోకి పోతాయి. పంపు ఎంత బలంగా పీలుస్తోందో చూపే వాక్యూమ్ గేజ్ పెట్టించి చూడండి. బేస్‌మెంట్ ట్యాంకు అయితే ముల్లు సున్నా దగ్గరే ఉండాలి, బాగా పైకి వెళ్తే ఫిల్టర్ పూడిందనో గొట్టం నొక్కుకుపోయిందనో అర్థం. గేజ్ మీద 10 అంగుళాలు దాటితే ఆయిల్‌లో కరిగిన గాలే విడిపోయి బుడగలవుతుంది, అప్పుడు సందు లేకపోయినా మంట ఆరుతుంది. ట్యాంకు ఆరుబయట ఉండి, గట్టి చలి రాత్రుల్లోనే ఆరుతుంటే ఆయిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తోంది. ఆ ట్యాంకుకు కిరోసిన్ కలిపిన ఆయిల్ పోయించాలి.

నాజిల్ మార్చినా సైజు, కోణం, ప్యాటర్న్ (తుంపర చిమ్మే తీరు) పాతవే ఉండాలి. నాజిల్ మీది అంకె 100 పీఎస్ఐ ప్రెషర్ దగ్గర గంటకు ఎన్ని గ్యాలన్లో చెప్పే లెక్క. పంపును 140కి పెడితే 0.85 నాజిల్ గంటకు ఒక గ్యాలన్ దాకా పోస్తుంది. బిల్లు మీద పంపు ప్రెషర్, వాక్యూమ్, క్యాడ్ సెల్ ఓంలు, పొగ పరీక్ష అంకెలు రాసిమ్మనండి. అంకెలు లేని బిల్లుకు "ట్యూనప్" అని పేరుపెట్టినా లాభం లేదు.

ఇల్లు కొనేముందు బర్నర్ దగ్గర వేలాడే సర్వీస్ ట్యాగ్ తిప్పి చూడండి. ఒకే చలికాలంలో నాలుగైదు తేదీలుంటే, ఆ పక్కన ప్రతిసారీ వేరే పార్టు పేరుంటే, ఆ ఇంట్లో అసలు కారణం ఇంకా దొరకలేదన్నమాట. ట్యాగే లేకపోతే ఆయిల్ కంపెనీ సర్వీస్ రికార్డు అమ్మేవారినే అడగండి. ట్యాంకు అడుగున నీళ్లున్నాయేమో నీళ్లు తగిలితే రంగు మారే పేస్టు రాసిన కర్రతో చూపించమనండి. బట్టల డ్రయ్యర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెండూ వేసి బర్నర్‌ను అరగంట నడిపించండి. మూసి ఉన్న బేస్‌మెంట్‌లో గాలి చాలకపోతే మంట అప్పుడే తడబడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ కూడా తయారవుతుంది. పాత ట్యాంకు పెరట్లో పాతిపెట్టి ఉందేమో సంతకాలకు ముందే వెతికించండి. అది కారి మట్టిలోకి దిగి ఉంటే శుభ్రం చేయించే ఖర్చు కొత్త బాయిలర్ ధరను మించిపోవచ్చు.