చెరువు నాచుకు మైలుతుత్తమా, పటికా?

చెరువు నీళ్లు పచ్చరంగు ఒలకబోసినట్టు మారగానే ముందు గుర్తొచ్చేది మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్. చల్లిన కొద్ది రోజుల్లోనే నీలి-ఆకుపచ్చ నాచు చచ్చిపోతుంది. చిక్కంతా అక్కడే. కణాల్లో దాగి ఉన్న విషం, అవి పగలగానే నీళ్లలో కలిసిపోతుంది. ఇలాంటి విషాల్లో ఒకటైన మైక్రోసిస్టిన్ మరగబెట్టినా పోదు. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో తాగునీటి జలాశయానికి మైలుతుత్తం వేశాక 148 మంది జబ్బుపడ్డారు, ఎక్కువమంది పిల్లలే. అది తెలిశాక, నాచు దట్టంగా పేరుకున్న తాగునీటి చెరువులో దీన్ని వేయడానికి నాకు మనసొప్పదు. నాచు అప్పుడప్పుడే మొదలవుతుంటే సరే అనుకోవచ్చు. కానీ అప్పుడూ రాగి అడుగు మట్టిలో పేరుకుంటూనే ఉంటుంది.

పటిక దారి వేరు. నాచును చంపడం కంటే దాని తిండిని, అంటే భాస్వరాన్ని, లాగేయడమే దీని పని. నీళ్లలో పడగానే తెల్లటి తెట్టెలు కట్టి, భాస్వరాన్ని పట్టుకుని అడుగుకు దిగుతుంది. మట్టిలోంచి భాస్వరం మళ్లీ పైకి రాకుండా కూడా ఆపుతుంది. లెక్క ప్రకారం వేస్తే ఏళ్ల తరబడి పనిచేస్తుంది, అందుకే నా ఓటు దీనికే. మురుగు, ఎరువుల నీళ్లు వచ్చి పడుతూనే ఉంటే మాత్రం ఖర్చు దండగ, ముందు వాటిని ఆపాలి. వేసేటప్పుడు పీహెచ్, అంటే నీటి ఆమ్లత్వపు కొలత, చూస్తూ ఉండాలి. అది 6 కంటే తగ్గితే, పటికలోంచి కరిగిన అల్యూమినియం చేపల ప్రాణం మీదికి తెస్తుంది.