బాయిలర్ మార్చమంటే వెంటనే సరే అనకండి

నీళ్లు వేడిచేసి గదుల్లోని రేడియేటర్లకు పంపే ఇంటి హీటింగ్ బాయిలర్ కారుతోందని పిలిస్తే, వచ్చినాయన కవరు కూడా సరిగ్గా విప్పకుండా "హీట్ ఎక్స్‌ఛేంజర్ పోయిందండీ, కొత్త బాయిలర్ పెట్టుకోవడమే" అన్నాడా? ఆగండి. (హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటే మంట వేడిని నీళ్లకు అందించే భాగం.) నేను దాదాపు సంతకం పెట్టేశాను.

బాయిలర్ చల్లగా ఉన్నప్పుడు లోపలి నీళ్ల ప్రెషర్ 1 నుంచి 1.5 బార్ (ప్రెషర్ కొలిచే యూనిట్) ఉండాలి. మాది పొద్దున్నే సున్నాలో ఉండేది. నీళ్లు నింపి హీటింగ్ వేస్తే కాసేపటికే ప్రెషర్ మీటర్ ముల్లు 3కి పాకేది, బయట గోడకున్న సన్న గొట్టం నుంచి నీళ్లు కారేవి. ఆయనే మొదటిసారి సేఫ్టీ వాల్వ్ మార్చి డబ్బులు తీసుకున్నాడు. పదిహేను రోజులకు మళ్లీ అదే కథ. ప్రెషర్ 3 బార్‌కు చేరితే తెరుచుకోవడమే ఆ వాల్వ్ పని, పాపం అది దాని పని అది చేసింది. అంతవరకు ఎందుకు పెరుగుతోందో ఆయన చూడలేదు, అడగాలని నాకూ తట్టలేదు. రెండోసారి వచ్చి ఏకంగా బాయిలరే మార్చాలన్నాడు.

అనుమానం వచ్చి ఇంకొకరిని పిలిచాను. ఆయన నేరుగా ఎక్స్‌పాన్షన్ వెసల్ దగ్గరకు వెళ్లాడు. ఆ డబ్బాలో రబ్బరు పొరకు ఒకవైపు గాలి, మరోవైపు నీళ్లు ఉంటాయి. వేడికి నీళ్లు వ్యాకోచిస్తే గాలి నొక్కుకుని చోటిస్తుంది. దానికి కారు టైరుకున్నట్టే చిన్న వాల్వ్ ఉంటుంది, నొక్కితే గాలి రావాలి. మాదాంట్లో నీళ్లు చిమ్మాయి. పొర చిరిగిపోయిందన్నమాట. ఆ డబ్బా ఒక్కటి మార్చాక చలికాలమంతా ముల్లు 3 దాకా పాకితే ఒట్టు.

హీటింగ్ వేస్తేనే ప్రెషర్ పెరుగుతుంటే ముందు వెసల్‌ని అనుమానించండి. ఆపేసినా పెరుగుతుంటే నీళ్లు నింపే వాల్వ్ పూర్తిగా మూసుకోవట్లేదేమో చూడమనండి. హీట్ ఎక్స్‌ఛేంజర్ నిజంగానే పోవచ్చు, కాదనను. కానీ చుక్క ఎక్కడ పడుతోందో వేలు పెట్టి చూపించాలి, ఫొటో తీసుకోనివ్వాలి.

నేను చేసిన తప్పు ఇంకోటి ఉంది. నెలరోజులు రోజూ నీళ్లు నింపుతూ పోయాను. కొత్త నీళ్లతో ఆక్సిజన్ కూడా లోపలికి పోతుంది, రేడియేటర్లు తుప్పు పట్టి నల్లటి బురద చేరుతుంది. లోపలి సర్క్యూట్ బోర్డు మీద నీళ్లు పడుతుంటే మాత్రం కరెంటు ఆపేయండి. గ్యాస్ బాయిలర్ కవరు మీరే విప్పకండి, లైసెన్స్ ఉన్నవాళ్లకే వదిలేయండి.

కొత్త బాయిలర్‌కి ఆయన రాసిచ్చిన ఎస్టిమేట్ ఇంకా నా దగ్గరే ఉంది. కింద "ఈ వారంలో చెప్తేనే ఈ రేటు" అని గీత గీసి మరీ రాశాడు.