కొలతలు కాక కళ్లు ఎంచిన పాతకోత వజ్రం: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

నా ఉంగరంలోని వజ్రాన్ని కొని తొమ్మిదేళ్లు దాటింది. ఇది ఓల్డ్ మైన్ కట్ అని పిలిచే పాతకాలపు కోత. బరువు 1.26 క్యారెట్లు, పొడవు 6.7, వెడల్పు 6.4, లోతు 4.5 మిల్లీమీటర్లు. గుండ్రమూ కాదు, చతురస్రమూ కాదు, మూలలు మెత్తగా ఒరిగిన చిన్న దిండు ఆకారం. రాయిని పరీక్షించిన ప్రయోగశాల నివేదికలోని అంకెలు దీన్ని ఎంచుకోమని చెప్పలేదు. నా కళ్లు చెప్పాయి. స్నానానికీ నిద్రకూ తప్ప తీయకుండా ధరించిన మీదట, ఆ ఎంపికలో కళ్లు ఎంతవరకు నిజం చెప్పాయో, ఏ విషయంలో అవి చాలలేదో రాస్తున్నాను.

మొదట నేనూ అంకెలతోనే వెతికాను. గుండ్రటి ఆధునిక వజ్రానికి ఆ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్కకట్టిన నిష్పత్తులు, అంటే రాయి వెడల్పులో 53 శాతం టేబుల్ (రాయి పైన ఉండే చదును ముఖం), 34.5 డిగ్రీల పైవాలు, 40.75 డిగ్రీల కిందివాలు, నేటికీ ఆ కోతకు ఒక ఆనవాలుగా నిలిచి ఉన్నాయి. అయితే ఆ లెక్క, ఎదురెదురు ముఖాలన్నీ ఒకే వాలులో ఉన్న రాయిని ఊహించుకుని చేసినది. అమెరికాకు చెందిన, రత్నాలను పరీక్షించే జీఐఏ ప్రయోగశాల 2006 నుంచి ఇస్తున్న కోత శ్రేణి కూడా ఆధునిక గుండ్రటి కోతకు ఉద్దేశించినదే. నా రాయి నివేదికలో అలాంటి శ్రేణి లేదు. నేను చాలాకాలం దాన్ని ఒక లోటుగా భావించి, లోతు వెడల్పులో 70 శాతం అన్న ఒక్క అంకె చూసి మంచి రాళ్లను పక్కన పెట్టేశాను.

ఈ కోత ఎలా పుట్టిందో తెలుసుకున్నాకే ఆ భయం తగ్గింది. పాతకాలపు సానవారు ముడిరాయి సహజంగా ఉన్న ఎనిమిది ముఖాల ఆకారాన్ని అనుసరించి, వీలైనంత బరువు మిగిలేలా రాయిని మలిచేవారు. ఒక వజ్రాన్ని మరో వజ్రంతో చేత్తో రుద్ది అంచును తీర్చేవారు. ఆ పనికి యంత్రం వాడుకలోకి వచ్చింది 1870ల తరువాతే. అందుకే వీటికి ఎత్తయిన పైభాగం, చిన్న టేబుల్, లోతైన అడుగు, అడుగుకొనను చదును చేసిన క్యూలెట్ ఉంటాయి. ఒక వైపు పైవాలు 38 డిగ్రీలు, ఎదుటి వైపు 43 డిగ్రీలు ఉన్న రాయికి సగటు తీస్తే 40.5 వస్తుంది గాని, ఆ రాయిలో ఏ ముఖమూ 40.5 డిగ్రీల వాలులో ఉండకపోవచ్చు. చేతికోత రాయి విషయంలో సగటు అంకె మీద నాకు నమ్మకం పోయింది ఇక్కడే.

చివరికి రెండు రాళ్లు మిగిలాయి. రెండోది 1.24 క్యారెట్లు, అంచు ఇంకా తీరుగా, లోతు 62 శాతం, కాగితం మీద ఏ వంకా లేదు. రెండింటినీ కిటికీ పక్కన, తెల్లకాగితం మీద కాక నా వేళ్ల సందులో ఉంచి చూశాను. రెండో రాయిని కొద్దిగా వంచగానే టేబుల్ నడుమ నుంచి నా వేలి చర్మం కనిపించింది. అంటే పైనుంచి వెళ్లిన వెలుతురు తిరిగి కంటికి రాకుండా అడుగునుంచి జారిపోతున్నదన్నమాట. నా రాయిలో అలా అవతల కనిపించే చోటు లేదు. ఎటు వంచినా నలుపు, తెలుపు గళ్లు చోటు మార్చుకుంటూ మధ్య నుంచి అంచు వరకు నిండుగా కదిలాయి. ఈ గళ్లు పెద్దవిగా ఉండడమే పాతకోత అందం. అడుగుభాగంలోని ముఖాలు ఆధునిక కోతలో సన్నగా, పొడుగ్గా ఉంటాయి కాబట్టి చిన్న చిన్న మెరుపులు చాలా కనిపిస్తాయి. పాతకోతలో ముఖాలు వెడల్పుగా ఉంటాయి కాబట్టి మెరుపులు తక్కువ, ఒక్కొక్కటీ పెద్దది, కాస్త నిదానమైనది. ఇది నచ్చేవారికి మాత్రమే ఈ కోత. మిలమిలలాడే తళుకు కావాలనుకునేవారు ఆధునిక గుండ్రటి రాయినే తీసుకోవడం మంచిదని మనస్ఫూర్తిగా చెబుతాను.

వెలుతురు గురించి కొంచెం ఎక్కువగానే రాయాలి, ఎందుకంటే కంటితో ఎంచడమంటే నిజానికి వెలుతురును ఎంచడమే. నగల దుకాణంలో పైనుంచి పడే చిన్న చిన్న దీపాల కింద ప్రతి రాయీ అందంగా కనిపిస్తుంది. అక్కడ తీర్పు చెప్పకూడదు. నేను అనుమతి అడిగి నాలుగు చోట్ల చూశాను: మబ్బు పట్టిన పగలు కిటికీ దగ్గర, ఎండలో, గదంతా సమంగా పరుచుకున్న ట్యూబులైటు కింద, ఒకే ఒక దీపం వెలుగుతున్న చీకటి మూలలో. కిటికీ వెలుగులో గళ్ల తీరు తెలుస్తుంది గాని రంగుల మెరుపు పెద్దగా రాదు. అన్ని వైపుల నుంచీ వచ్చే వెలుతురులో విడిపోయిన రంగులు మళ్లీ కలిసి తెల్లబడతాయి. దీపం ఒక్కటే ఉన్నప్పుడు ఎత్తయిన పైభాగం ఎందుకుందో అర్థమవుతుంది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ పలకలు పలకలుగా విచ్చుకుంటాయి. ఇవి విద్యుద్దీపాలు లేని కాలంలో మలిచిన రాళ్లు అన్న సంగతి అప్పుడు పుస్తకజ్ఞానంగా కాక కంటి అనుభవంగా తెలిసింది. మండుటెండలో మాత్రం రాయి నల్లబడినట్టు కనిపిస్తుంది, మధ్యమధ్య సూదుల్లాంటి రంగు మెరుపులు వస్తాయి. మొదటిసారి చూసి కంగారు పడ్డాను. ఆధునిక రాళ్లు కూడా ఎండలో అలాగే ఉంటాయని తరువాత పక్కపక్కన పెట్టి చూసి నిర్ధారించుకున్నాను.

దూరం కూడా ముఖ్యమే. రాయిని ముక్కు దగ్గరకు తెచ్చి చూస్తే మన తలే వెలుతురుకు అడ్డు పడి నడుమ నల్లగా కనిపిస్తుంది. ఫోనులో పెద్దది చేసి చూపే వీడియోలదీ ఇదే చిక్కు: కెమెరా నీడే రాయి లోపమన్నట్టు తోస్తుంది. ఆ వీడియోలలో నా రాయి క్యూలెట్ నడిమధ్యన ఒక రంధ్రంలా ఉండేది. చేయి చాచి చూసినప్పుడు, అంటే ఉంగరాన్ని మనుషులు నిజంగా చూసే దూరంలో, నేను వెతికితే తప్ప అది కనిపించదు. ఇప్పుడు ఆ చిన్న వృత్తం నాకు ఇష్టమైన గుర్తు. ఎన్ని రాళ్లలో కలిపినా నా రాయిని దానితో పోల్చుకోగలను.

రంగు విషయంలో కళ్లు నన్ను కాపాడాయి. నివేదికలో రంగు శ్రేణి కె, అంటే లేత పసుపు ఛాయ. ఆ శ్రేణిని నిర్ణయించేది రాయిని బోర్లించి, పక్కనుంచి చూసి. మనం ధరించేది వెల్లకిలా. పసుపు బంగారంలో పొదిగాక ఆ ఛాయ లోపంగా కాక ఒక వెచ్చదనంగా కనిపిస్తున్నది. తెల్లని లోహంలో పొదిగి ఉంటే ఇంత తృప్తిగా ఉండేదాన్ని కాదేమో. శుభ్రత మాత్రం ఏ కోతకైనా తప్పదు. వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది. చేతికి రాసుకునే క్రీము వల్ల వారంలోనే అడుగుభాగం మసకబారి గళ్లన్నీ కలిసిపోతాయి. గోరువెచ్చని నీరు, కొద్దిగా సబ్బు, మెత్తని బ్రష్‌తో రెండు నిమిషాలు తోమితే మళ్లీ ప్రాణం పోసుకుంటుంది.

ఇక కళ్లు చాలని చోటు. మూడో ఏట ఒక ఇనుప తలుపు గడియకు ఉంగరం తగిలి రాయి అంచున ఒక చిన్న పెచ్చు లేచింది. వజ్రం అత్యంత గట్టిదే, కాని గట్టిదనం గీతలు పడకుండా కాపాడుతుంది, దెబ్బకు విరగకుండా కాదు. నివేదికలో గర్డిల్, అంటే రాయి నడుము అంచు, ఒక వైపు అతి పలుచనగా ఉందని స్పష్టంగా రాసి ఉంది. అంకెల మీద కోపంతో నేను ఆ వాక్యాన్ని కూడా దాటేశాను. అమ్మినవారు ఆ మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. దాన్ని సరిచేయడానికి వెళ్లినప్పుడు ఒక పనివారు రాయినంతా ఆధునిక కోతలోకి మార్చమని సలహా ఇచ్చారు. నాకు నచ్చిన గుణమంతా ఆ మార్పుతో పోయేది, బరువూ చాలా తగ్గేది. మరొకరు పొదుగును మార్చి, ఆ పెచ్చు, రాయిని పట్టి ఉంచే ఒక లోహపు గోరు కిందకు వచ్చేలా అమర్చారు. మిగతా పలుచని అంచుకు చుట్టూ బంగారపు పట్టీ వేశారు. మొదటే అలా పొదిగించి ఉండవలసింది. అందుకే రాయి అందానికి కంటినే నమ్మండి; అది దెబ్బలకు తట్టుకుంటుందా లేదా అన్నది మాత్రం పది రెట్ల భూతద్దంతో, నివేదికతో సరిచూసుకోండి.

నిరుడు మా చెల్లెలు పాతకోత దిద్దులు కావాలంటే తోడు వెళ్లాను. జత రాళ్ల వ్యవహారం వేరు. కొలతలు దాదాపు ఒకటిగా ఉన్న ఒక జతలో ఒక రాయి మెరుస్తుంటే మరొకటి నిద్రపోతున్నట్టుంది. "అక్కా, అంకెలు కలిశాయిగా, ఇంకేం చూడాలి?" అని తను అడిగింది. రెండింటినీ చెవుల దగ్గర పట్టుకుని గదికి అవతలి వైపు నిలబడమన్నాను. తను అద్దంలో ఒక్కసారి తల తిప్పి చూసుకుని ఆ జతను తనే పక్కన పెట్టేసింది. చివరికి తీసుకున్న జతలో ఒక రాయి రెండోదానికంటే 0.2 మిల్లీమీటర్లు చిన్నది, క్యూలెట్లు కూడా ఒకే పరిమాణంలో లేవు. కాని తల తిప్పినప్పుడు రెండూ ఒకే తీరున, ఒకే వేగంతో వెలుగుతాయి. వాటి గర్డిళ్లను మాత్రం ఈసారి డబ్బు చెల్లించక ముందే భూతద్దం కింద చుట్టూ తిప్పి చూశాను.